ఆడబిడ్డ చేతి విత్తనం

ఆదిలాబాద్,
10 జూన్ 2024

మా ముద్దుల మరదలు మహేశ్వరికి,

వదిన తారాబాయి దీవెనలు. కవరు మీద నా వంకర రాత చూసి, ముసలిదానికి పనీ పాటా లేదని నవ్వుకునే ఉంటావు. నవ్వుకో. ఏం చేయను? ముప్పై ఏళ్లు జిన్నింగ్ మిల్లులో యంత్రాల పక్కన నిలబడి, వచ్చేటప్పుడు చెవులు అక్కడే వదిలేసి వచ్చాను. ఫోన్లో మీరు అరుస్తారు, నేను ఊ కొడతాను, అంతే. మొన్న నువ్వు ఫోన్ చేసి ఏడ్చావన్న సంగతి కూడా మనవరాలు శ్రేయ కాగితం మీద రాసి చూపిస్తేనే తెలిసింది. అందుకే ఇక మీదట మనకు ఉత్తరాలే. ఏడో తరగతి దాకా చదివిన చదువు ఇందుకైనా పనికి రానీ.

నా తమ్ముడి కాలి పుండు రెండు నెలలైనా మానలేదా? ఇన్ని రోజులు నాకెందుకు చెప్పలేదు? వాడికి చిన్నప్పటి నుంచీ ఇదే బుద్ధి. దెబ్బ తగిలితే చెప్పడు, దాని మీద ఇంత మన్ను చల్లుకుని ఆటకు పోతాడు. అప్పుడు చెవి మెలిపెట్టడానికి నేనుండేదాన్ని. ఇప్పుడు ఆ పని నీది.

శ్రేయ తన ఫోన్లో వెతికి ఒక మొక్క సంగతి చెప్పింది. పేరు యారో. చలి దేశాల్లో ఇంటి పెరట్లోనే పెంచుకుంటారట. పాత రోజుల్లో యుద్ధానికి పోయే సిపాయిలు ఆ ఆకు వెంట తీసుకుపోయి, నెత్తురు కారే గాయం మీద నూరి కట్టుకునేవారట. కత్తి గాయాన్నే మాన్పిన ఆకుకు బూటు కొరికిన పుండు ఒక లెక్కా? శ్రేయ విత్తనాల పొట్లం తెప్పించింది. సగం నేను ఉంచుకుని, సగం ఈ కవరులో మడిచి పెట్టాను. జాగ్రత్తగా విప్పు. గింజలు మరీ సన్నం, తుమ్మితే పోతాయి.

మట్టిలో లోతుగా పెట్టకు. పైపైన చల్లి, అరచేతితో అదిమి, నీళ్లు చిలకరించు. పదిహేను రోజుల్లో మొలుస్తాయని పొట్లం మీద ఉంది. మొదటి చిటికెడు నా పేరు చెప్పి చల్లు. మన ఇంట్లో ఆడబిడ్డ చేయి పడనిదే ఏ విత్తనమూ వేయరు కదా. నీ చేతికి తులసి కూడా బతకలేదు, అందుకని చెబుతున్నాను, మూతి ముడుచుకోకు.

శ్రేయ రేపు కరీంనగర్ పోతోంది, కాలేజీ హాస్టల్లో చేరడానికి. కొడుకూ కోడలూ పొద్దున పనికి పోతే చీకటి పడ్డాకే వస్తారు. పగలంతా ఇంట్లో నేనూ, నా తొట్లూ.

మీ వదిన,
తారాబాయి


బెల్లంపల్లి,
27 జూన్ 2024

వదినకు మహేశ్వరి దండాలు.

తులసి ఎండింది నా చేతి వల్ల కాదు. మీ తమ్ముడు దాని మొదట్లో బీడీలు ఆర్పడం వల్ల. ఆ తప్పు మీ పుట్టింటి పద్దులో రాసుకో, నా పద్దులో వద్దు.

విత్తనాలు అందాయి. కవరు విప్పే ముందు ఫ్యాను బందు చేయించాను. కన్నతల్లినని కూడా చూడకుండా రవి నవ్వాడు. "ఏందవ్వా, బంగారం తూకమేస్తున్నవా?" అన్నాడు. క్వార్టరు వెనక పగిలిన నీళ్ల డ్రమ్ము ఉంటే, దాన్ని వాడితోనే సగానికి కోయించి మట్టి నింపాను. మా గనుల దగ్గరి మట్టి నీకు తెలుసు కదా, నల్లగా పస లేకుండా ఉంటుంది. అందుకని లైను చివర బర్రెల కొట్టం దగ్గరున్న పాత పెంటకుప్ప నుంచి రెండు తట్టల ఎరువు తెచ్చి కలిపాను. మొదటి చిటికెడు నీ పేరు చెప్పే చల్లాను.

ఇక పుండు సంగతి. ఫోన్లో నేను చెప్పింది నీకు ఎంత అందిందో తెలియదు, మళ్లీ రాస్తున్నాను. కుడి కాలి బొటనవేలు పక్కన గని బూటు ఒరుసుకుని పొక్కు లేచింది. పొక్కు పగిలింది, పుండైంది. పదేళ్ల షుగర్ కదా, ఆయనకు పాదంలో స్పర్శే లేదు. నొప్పి లేకపోవడమే నాకు భయం. నొప్పి ఉంటే తనే దవాఖానకు ఉరికేవాడు. ఇక్కడి డాక్టరు చూసి, కరీంనగర్ పోయి పెద్ద డాక్టరుకు చూపించుకో, ఆలస్యం చేయకు అని గట్టిగా చెప్పాడు. ఈయన వింటేనా? ఆయనతో పాటు గనిలో పనిచేసిన అంతయ్య ఉన్నాడు చూడు, నిరుడు వేలికి పుండైతే అక్కడికే పోయాడు. అది పట్టుకున్నాడు ఈయన.

"అంతయ్య వేలు సూపిచ్చుకుంటనని పోయిండు, కాలు లేకుంట వచ్చిండు. నన్ను గూడ గట్లనే తేవాల్నని ఉన్నదా నీకు?" అని నా మీదికి లేచాడు.

అంతయ్య కూడా పుండును ఆరు నెలలు దాచిపెట్టి అప్పుడు పోయాడన్న సంగతి మాత్రం ఈయనకు గుర్తుండదు.

ఆ మనిషే నీ విత్తనం చల్లిన రోజు నుంచి లేవగానే డ్రమ్ము దగ్గరికి పోతున్నాడు. "మా అక్క చెయ్యి మంచిది. గది మొలిస్తే సాలు, నా కాలు నాకుంటది" అంటున్నాడు. వదినా, నీతో దాచడం ఎందుకు, నాకు ఆకు మీద అంత నమ్మకం లేదు. కానీ ఆ మాట ఇంట్లో అనలేను. నాకు ఆయన కాలు దక్కాలి, అది ఆకుతో అయినా సరే, కత్తి పెట్టే డాక్టరుతో అయినా సరే.

నీ తొట్టిలో మొలిచిందా? తప్పకుండా రాయి.

నీ మరదలు,
మహేశ్వరి


ఆదిలాబాద్,
13 జూలై 2024

మా అనుమానాల మరదలికి,

మొలవడమా? తొట్టిలో మట్టి కనబడటం లేదు. ఆకు సన్నగా, చీలికలు చీలికలుగా, ఈక మాదిరిగా ఉంది. ముట్టుకుంటే మెత్తగా ఉంటుంది. పక్కింటి మరాఠీ ఆవిడ రోజూ వచ్చి చూసి, బాగుందని "ఛాన్, ఛాన్" అంటోంది. నాకు వినబడదు గానీ ఆవిడ పెదాలు చూస్తే తెలుస్తుంది. విత్తనం ఎక్కడిది, ఎట్లా వేశావు అని వాడలో నలుగురు అడిగారు. ఇన్నాళ్లకు నా గుమ్మం ముందు నలుగురు ఆగారు.

తమ్ముడికి చెప్పు, అక్క చేతి విత్తనం ఎప్పుడైనా వట్టిపోయిందా అని. బాపు గని పనికి రాకముందు, మేము ఊళ్లో ఉన్నప్పుడు, జొన్న వేసేటప్పుడు మొదటి గింజ నా చేతే వేయించేవాడు. అప్పుడు నాకు ఆరేళ్లు. ఎల్లేశం నా వెనక నిక్కరు జారిపోతుంటే పట్టుకుని నడిచేవాడు. ఆ సంగతి రవి ముందర చెప్పు, వాళ్ల బాపు పరువు కొంచెం తీద్దాం.

నీది మొలవడం ఆలస్యమైతే ఫికర్ పడకు. నీళ్లు ఎక్కువ పోయకు. కరీంనగర్ పోవడానికి అంత తొందరేముంది? ఆకు చేతికి రానీ, ఒక నెల కట్టి చూడనీ.

నువ్వు నన్ను ఇట్లా ప్రతిదీ అడుగుతుంటే నాకు ఎంత బాగుందో చెప్పలేను.

మీ వదిన,
తారాబాయి


బెల్లంపల్లి,
5 ఆగస్టు 2024

వదినకు,

మొలిచింది. చాలా మొలిచింది. అదే నా బాధ.

మోకాలి ఎత్తుకు వచ్చింది. ఆకు నువ్వు రాసినట్టే చీలికలు చీలికలుగా ఉంది. కొసలకు తెల్ల మొగ్గలు కూడా పట్టాయి. కానీ నిన్న పక్క క్వార్టరు శంకరవ్వ గోడ మీది నుంచి చూసి నోరు నొక్కుకుంది.

"ఓ పిల్లా, నీకేం పుట్టిందే? డ్రమ్ముల వయ్యారిభామను సాదుతున్నవా? గది ఒంటికి తగిలితే దద్దులు లేస్తయి. జల్ది పీకెయ్యి" అంది.

వయ్యారిభామ అంటే తెలుసు కదా, రైలు కట్ట మీదా, పాడుబడ్డ క్వార్టర్ల చుట్టూ ఎక్కడ పడితే అక్కడ లేచే పిచ్చి మొక్క. ఆమె అన్నాక నాకూ అట్లాగే కనబడింది. పీకుదామని చేయి పెట్టాను. ఆయన లోపలి నుంచి కుంటుతూ వచ్చి, "చెయ్యి తియ్యి! మా అక్క ఇచ్చిన చెట్టు అది" అని అరిచాడు. పెళ్లయిన ముప్పై ఏళ్లలో ఆయన నా మీద అంతగా అరవలేదు.

రవి ఫోన్లో యారో బొమ్మలు తీసి చూపించాడు. ఆకు ఇదే, తెల్ల పూలు ఇవే. "గిదే అవ్వా, శంకరవ్వకేం ఎరుక" అన్నాడు. బొమ్మలో నాకేం తెలుస్తుంది? బొమ్మకు వాసన ఉండదు కదా.

వదినా, అసలు మొక్కను కళ్లారా చూస్తున్నది మనందరిలో నువ్వొక్కదానివే. నీది మొగ్గ వేసిందా? కాడ మీద నూగు ఉందా? ఆకు నలిపితే వాసన ఎట్లా ఉంది? ఎవరితోనైనా ఫోటో తీయించి రవికి పంపించు. నువ్వు ఉంచు అంటే ఉంచుతాను, పీకు అంటే ఆ క్షణమే పీకేస్తాను. నా మాట ఆయన వినడు, నీ మాట వింటాడు. పుండు కొంచెం పెరిగింది. ఆకు కట్టుకోవడం ఆయన ఇంకా మొదలుపెట్టలేదు, పువ్వు విచ్చాక కడతానంటున్నాడు. అందుకే తొందరగా రాయి.

మహేశ్వరి


ఆదిలాబాద్,
13 ఆగస్టు 2024

మహేశ్వరికి,

అనుమానం నీకు పుట్టుకతో వచ్చింది. పెళ్లిచూపులప్పుడు మా తమ్ముడికి నత్తి ఉందేమోనని రెండుసార్లు మాట్లాడించావట, మర్చిపోయావా?

నా తొట్టిలోది కూడా అచ్చం అట్లాగే ఉంది. ఆకు అదే, మొగ్గ అదే, కాడ మీద నూగూ అదే. వాసన కొంచెం ఘాటు. ఒక మొక్కకు ఇంకో మొక్క పోలిక ఉంటే ఉంటుంది. శంకరవ్వ యారోను ఎప్పుడు చూసింది? శ్రేయ దసరా సెలవులకు గానీ రాదు. కొడుకు ఫోన్ కింద పడి పగిలింది. ఫోటో తర్వాత చూద్దాం.

పీకకు. నా మాట మీద ఉంచు. పెద్దదాన్ని, నీకు అబద్ధం చెబుతానా?

తారాబాయి


బెల్లంపల్లి,
5 సెప్టెంబర్ 2024

అక్కకు ఎల్లేశం దండాలు.

నా రాత నువ్వు గుర్తుపట్టలేవు. సంతకం తప్ప నేను ఏదైనా రాసి ఎన్నేళ్లయిందో నాకే తెలియదు. మహేశ్వరి రేషన్ దుకాణానికి పోయింది, ఆమె వచ్చేలోపు రాయాలి.

నీ ఆకు నూరి కట్టుకోబట్టి ఇరవై రోజులైంది. మొదట్లో పుండు ఎండినట్టే అనిపించింది. ఇప్పుడు చుట్టూ ఎర్రగా దద్దులు లేచాయి. పాదంలో స్పర్శ లేదు గానీ చీలమండ పైన దురద తెలుస్తోంది. పుండు నుంచి నీళ్లు కారుతున్నాయి, వాసన కూడా వస్తోంది. మహేశ్వరిని గుడ్డ విప్పనివ్వడం లేదు. విప్పితే ఊరుకోదు. ఆకు లోపలి చెడునంతా బయటికి లాగుతోంది కాబట్టి ఇట్లా ఉంటుందని నేను అనుకుంటున్నాను. అంతేనా అక్కా?

రవి పదహారో తారీకు సోమవారం కరీంనగర్ డాక్టరు దగ్గర పేరు రాయించాడు. నాకు పోవాలని లేదు. ముప్పై నాలుగేళ్లు గనిలో దిగాను. ఒకసారి పైకప్పు కూలి ఇద్దరు పోయారు. ఆ రోజు కూడా నా కాళ్ల మీద నేను నడిచి బయటికి వచ్చాను. బల్ల మీద పడుకోబెట్టి మత్తు ఇస్తే లేచేసరికి ఏం ఉంటుందో, ఏం పోతుందో మన చేతిలో ఉండదు. నాకు భయమక్కా. గనిలో పడని భయం దవాఖాన పేరు చెబితే పడుతోంది. ఇది ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

నీ చెట్టు ఆకు నువ్వు ఏ గాయానికైనా కట్టి చూశావా? నీకూ ఇట్లా దురద వచ్చిందా? ఒక్క మాట రాయి. నువ్వు ఆగు అంటే ఆగుతాను, పో అంటే పోతాను. అవ్వ పోయినంక నన్ను పెంచింది నువ్వు. నీ మాట దాటి నేను ఏదీ చేయలేదు.

నీ తమ్ముడు,
ఎల్లేశం


ఆదిలాబాద్,
10 సెప్టెంబర్ 2024

తమ్ముడు ఎల్లేశానికి అక్క దీవెనలు.

నీ ఉత్తరం నిన్న అందింది. దురద ఎందుకు వచ్చిందో నాకు తెలియదురా. కొందరి ఒంటికి కొన్ని పడవు. జర తక్కువ ఆకు పెట్టి కట్టు. చుట్టూ కొబ్బరినూనె రాయి.

దవాఖానకు పోవాలనిపిస్తే పో, నేను వద్దనను. పోకపోయినా నేను తప్పనను. పెద్దవాడివి, నీ ఇష్టం. నా చెట్టు బాగానే ఉంది.

ఇక్కడ వారం నుంచి వాన విడవడం లేదు. పత్తి చేలల్లో నీళ్లు నిలిచాయంటున్నారు. ఈసారి మిల్లులకు పని తక్కువే ఉండొచ్చు. నా మోకాళ్లు పట్టేశాయి. వేరే ఏమీ విశేషాలు లేవు.

అక్క


కరీంనగర్,
14 అక్టోబర్ 2024

వదినా,

మీ తమ్ముడి కుడి కాలు మోకాలి కింద నుంచి తీసేశారు. ఎనిమిదో తారీకున. బయట ఆడవాళ్లు బతుకమ్మలు ఎత్తుకుని పోతుంటే నేను దవాఖాన మెట్ల మీద కూర్చుని ఉన్నాను.

మీ కొడుకు వచ్చి చూసి పోయాడు. నీకు జ్వరమని, రాలేకపోయావని చెప్పాడు. తగ్గిందా?

జరిగింది నీకు ఎవరు ఎంత చెప్పారో తెలియదు, నేను వరుసగా రాస్తాను. పోయిన నెల పదహారో తారీకు పొద్దున రవి ఆటో తెచ్చి వాకిట్లో పెడితే, ఆయన మంచం దిగలేదు. నువ్వు రాసిన ఉత్తరం అప్పుడు బయటికి తీశాడు. "అక్క పొమ్మనలే. ఆగుమన్నట్టే ఉన్నది. చెట్టు బాగనే ఉన్నదన్నది" అన్నాడు. రవి కోపంతో ఆటో వెనక్కి పంపించాడు. ఆ తర్వాత పదిహేను రోజులకు జ్వరం వచ్చింది. నేను బలవంతంగా గుడ్డ విప్పాను. వేళ్లు నల్లబడ్డాయి, నలుపు చీలమండ దాకా పాకింది. అప్పుడు ఎత్తుకుని ఇక్కడికి తెచ్చాం.

పుండు మీద ఏం కట్టారని డాక్టరు అడుగుతాడని, మొక్క ఒకటి కవరులో పెట్టుకుని వచ్చాను. నర్సు పద్మలత చూడగానే తల పట్టుకుంది. "ఇది వయ్యారిభామ గదమ్మా! దీన్ని పుండుకు కట్టిన్రా?" అంది. దాని గింజలు ఎరువులో కలిసి వస్తాయట, పాత పెంటకుప్పల్లో వేలకొద్దీ ఉంటాయట. డాక్టరు ఇంకో మాట చెప్పాడు. అసలు యారో అయినా ఈ పుండును మాన్పలేదట. జూన్‌లో వచ్చి ఉంటే ఒక్క వేలితో పోయేదట.

నేను తెచ్చి కలిపిన రెండు తట్టల ఎరువు వదినా. కాలు తీసిన రోజు రవి ఒక్క మాట అన్నాడు. "నీ పెంటకుప్పనే బాపు కాలు తిన్నది" అన్నాడు. ఆరు రోజులుగా మళ్లీ నాతో మాట్లాడటం లేదు. టిఫిన్ తెచ్చి బెంచీ మీద పెట్టి పోతాడు. మీ తమ్ముడు తనను చూడవచ్చిన ప్రతి ఒక్కరికీ అదే చెబుతున్నాడు. "మా అక్క మంచి విత్తనమే ఇచ్చింది. దీని చేతిల పడి గిట్లయింది" అని. నేను పక్కనే నిలబడి మందుల కాగితాలు సర్దుకుంటున్నాను.

ఇంకా ఉంది. పడుకుని పడుకుని ఎడమ మడమ మీద చిన్న పొక్కు లేచింది. రోజూ చూసుకోవాలి, ఇంటికి పోయినా వారానికోసారి ఇక్కడికి తేవాలి, లేకపోతే ఈ కాలూ దక్కదని డాక్టరు చెప్పాడు. ఆయన ఏమంటున్నాడో తెలుసా? "అక్క తొట్ల అసలు ఆకు ఉన్నది. గది తెప్పియ్యి. గీ కాలుకు గది కడుత. గీ దవాఖాన గడప మళ్ల తొక్క" అంటున్నాడు. మీ కొడుకును అడిగితే, "అవ్వ తొట్లల్ల ఏమున్నదో నాకేం ఎరుక మామా, నేనెప్పుడు సూసిన?" అన్నాడు.

నువ్వు ఆకు పంపకు. కానీ నీ చెట్టు ఎట్లా ఉందో ఉన్నది ఉన్నట్టు రాయి. నీది మంచిగా పెరిగి నాదే ఇట్లా అయ్యుంటే, ఈ తప్పు నాది, మోస్తాను. నిజం తెలిస్తే చాలు.

మహేశ్వరి


ఆదిలాబాద్,
21 అక్టోబర్ 2024

మహేశ్వరికి,

నా తొట్టిలో ఏమీ మొలవలేదు. ఒక్క గింజ కూడా.

నెల రోజులు నీళ్లు చిలకరించాను. మట్టి మీద పాచి పట్టింది, అంతే. జూలైలో నీకు జవాబు రాసేసరికే నాకు తెలుసు, ఇక రాదని. ఆకు ఈకలా ఉంటుందని రాశానే, అది పొట్లం మీది బొమ్మ చూసి రాశాను. కాడ మీద నూగు ఉందా అని నువ్వు అడిగిన మాటనే తిప్పి రాశాను. పక్కింటి ఆవిడ నా తొట్టి వైపు ఎప్పుడూ చూడలేదు. వాడలో ఎవరూ నా గుమ్మం ముందు ఆగలేదు. నాకు జ్వరం కూడా రాలేదు. నీ మొహం చూడలేక రాలేదు.

ఎందుకు రాశావని అడుగుతావు. చెవులు పోయాక నన్ను ఎవరూ ఏదీ అడగడం మానేశారు. ఇంట్లో బియ్యం ఎన్ని పోయాలో కూడా అడగరు. నలుగురూ మాట్లాడుకుంటుంటే నేను వాళ్ల మొహాలు చూస్తూ కూర్చుంటాను. నువ్వు ఉత్తరం రాసి, ఎట్లా వేయాలి, ఎట్లా ఉంది అని అడిగావు. మొలవలేదని రాస్తే ఇక అడగవనుకున్నాను. అంత చిన్న సంగతికి మొదలుపెట్టాను.

ఆగస్టులో నువ్వు వయ్యారిభామ అని రాసినప్పుడే అది నిజమేమోనని అనిపించింది. అప్పుడు చెప్పి ఉండాల్సింది. చెబితే జూలై ఉత్తరం అబద్ధమని తేలుతుంది. ఎల్లేశం రాసినప్పుడు నిజం రాయడానికే కూర్చున్నాను. మొదటి వాక్యం రాసి చింపేశాను. తమ్ముడి కాలి కన్నా నా మాట నాకు ఎక్కువైంది. నీ ఇష్టం అని రాశాను. ఆ మాట వాడు ఎట్లా అర్థం చేసుకుంటాడో నాకు తెలుసు మహేశ్వరీ. వాడిని పెంచినదాన్ని. తెలిసే రాశాను.

ఎరువు నీ తప్పు కాదు. ఏ ఇంట్లోనైనా ఎరువు కలుపుతారు. నువ్వు పీకుతానన్నావు, పీకొద్దన్నది నేను. నేను పో అంటే పోతానని వాడు రాశాడు, ఆపింది నేను. నా దగ్గర ఏ ఆకూ లేదు, ఎప్పుడూ లేదు. ఈ ఉత్తరం వాడికీ రవికీ మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపించు. వాళ్లు నన్ను ఏమన్నా సరే. నీ మీద పడ్డ నింద ముందు తీసెయ్యి. వాడిని దవాఖానకు తీసుకుపో.

తారాబాయి


బెల్లంపల్లి,
2 నవంబర్ 2024

తారాబాయి గారికి,

మీ ఉత్తరం అందింది. మేము ఇంటికి వచ్చి రెండు వారాలైంది.

ముందు నేను ఒక్కదాన్నే వంటింట్లో నిలబడి చదివాను. పొయ్యి మీద పాలు పొంగిపోయినా చూసుకోలేదు. మిమ్మల్ని ఎన్ని తిట్లు తిట్టానో ఇక్కడ రాయను. కానీ ఒక పక్క సంతోషం కూడా కలిగింది. నా కొడుకు మళ్లీ నాతో మాట్లాడతాడని, ఈయన దవాఖానకు వస్తాడని అనుకున్నాను.

రవి డ్యూటీ నుంచి వచ్చాక ఇద్దరినీ కూర్చోబెట్టి చదివాను. ఒక్క మాట వదలలేదు. ఒక్క గింజ కూడా మొలవలేదన్న చోట ఆయన ఆపి, మళ్లీ చదివించుకున్నాడు. అంతా అయ్యాక కళ్లు తుడుచుకున్నాడు. ఇక అర్థమైందనుకున్నాను.

"సూసినవా రవీ?" అన్నాడు. "మీ అవ్వను ఎవ్వరు ఏమనొద్దని మా అక్క నిందంత తన నెత్తినేసుకున్నది. గసొంటి మనిషి మా అక్క."

రవి నా వైపు తిరిగాడు. "దవాఖానల కూసోని రాసినవు గదా ఉత్తరం. గిందుకేనా? అత్తమ్మను బతిమాలి గిట్ల రాపిచ్చుకున్నవా?" అన్నాడు. ఆ ఉత్తరం పోస్టు డబ్బాలో వేసి వచ్చింది వాడే.

నేను ఒట్టు పెట్టాను. మీ రాత చూపించాను. మీ పాత ఉత్తరాలు తెచ్చి పక్కన పెట్టాను. ఆయన వాటిని తీసుకుని దిండు కింద పెట్టుకున్నాడు. మీరు రాసిన అబద్ధాలన్నీ నమ్మిన ఇంట్లో, మీరు రాసిన ఒక్క నిజం ఎవరూ నమ్మలేదు.

ఎడమ మడమ మీది పొక్కు పగిలింది. ఇప్పుడు రూపాయి బిళ్లంత ఉంది. ఇరవై ఎనిమిదో తారీకు కరీంనగర్ పోవాల్సి ఉండె, పోలేదు. నన్ను ముట్టుకోనివ్వడం లేదు. "అక్క మనసు మెత్తవడ్డంక ఆకు తనే పంపుతది" అని ఎదురుచూస్తున్నాడు. డాక్టరును బతిమాలితే మళ్లీ పదకొండో తారీకు రమ్మన్నాడు. ఆ తర్వాత తన చేతిలో ఏమీ లేదన్నాడు.

నేను మిమ్మల్ని క్షమించలేదు. క్షమిస్తానో లేదో తెలియదు. అది వేరే సంగతి. ఇప్పుడు నాకు ఆ రెండో కాలు కావాలి.

పదకొండో తారీకు లోపు రండి. ఆయన ఎదురుగా కూర్చుని మీ నోటితో చెప్పండి. మీకు వినబడదని నాకు తెలుసు, ఆయన ఏమన్నా మీకు అందదు. ఫర్వాలేదు. వినాల్సింది ఆయన, మీరు కాదు. తిడితే తిట్టనివ్వండి, ఏడిస్తే ఏడవనివ్వండి. నమ్మేదాకా లేవకండి.

జవాబు రాయకండి. రాస్తే, దాన్ని కూడా ఆయన మీ మంచితనమే అనుకుంటాడు.

మహేశ్వరి